నర్సింగ్ వ్యాసం పంపమంటూ వచ్చే ఆహ్వానపు మెయిళ్లు: సరిచూసుకునే పద్ధతి

ఎం.ఎస్సీ. నర్సింగ్ డిజర్టేషన్ నుంచి తీసిన ఒక్క వ్యాసం ఏదో ఒక జర్నల్‌లో అచ్చయి, దాని అడుగున రచయిత ఈ-మెయిల్ చిరునామా కనిపించిందంటే చాలు, ఎక్కువ కాలం గడవకుండానే ఆ చిరునామాకు ఆహ్వానాలు రావడం మొదలవుతుంది. మీ విలువైన వ్యాసం చదివాము, మీ కృషి మమ్మల్ని ఆకట్టుకుంది, మా రాబోయే సంచికకు మరొక వ్యాసం పంపండి అన్నది వాటి సారాంశం. ఇలా ముక్కూ మొహం తెలియని చోటునుంచి వచ్చే పిలుపుల్లో చాలా భాగం, రచయిత దగ్గర రుసుము తీసుకుని, నిపుణుల చేత పరిశీలన జరిపించామని చెప్పుకుంటూ నిజానికి జరిపించకుండా, వ్యాసాన్ని వెబ్‌సైట్‌లో పెట్టేసే సంస్థలు పంపేవి. వీటిని ప్రెడేటరీ జర్నళ్లు అంటున్నారు. కొలరాడో విశ్వవిద్యాలయం డెన్వర్ ప్రాంగణంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన జెఫ్రీ బీల్ 2010లో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చారు. అనుమానించదగిన ప్రచురణకర్తల జాబితాను కూడా ఆయన నడిపారు కానీ, 2017 జనవరిలో దానిని తీసివేశారు. దాని పాత ప్రతులు ఇప్పటికీ అక్కడక్కడ దొరుకుతాయి. వాటిలో ఒక పేరు లేదన్నంత మాత్రాన ఆ జర్నల్ మంచిదని అనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే కొత్త పేర్లు పుట్టుకొస్తూనే ఉన్నాయి.

కాబట్టి పరిశీలన ఎవరికి వారే చేసుకోవాలి. దీనికి పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: జర్నల్ తన గురించి తాను చెప్పుకున్న మాటను సాక్ష్యంగా తీసుకోకుండా, ఆ మాట చెప్పడానికి అది ఎవరి పేరు వాడుకుందో నేరుగా వారి దగ్గరకే వెళ్లి అడగాలి. కింద చెప్పిన పనులన్నీ ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టడానికే.

నర్సింగ్ రంగం మీద వీరి చూపు ఎందుకు పడిందో ఊహించడం కష్టం కాదు. పదోన్నతికీ, ఇంటర్వ్యూకీ, పీహెచ్‌డీ ప్రవేశానికీ ప్రచురణలు అడుగుతున్నారు. వార్డు పోస్టింగులూ క్లినికల్ పర్యవేక్షణా తరగతులూ చూసుకునే ట్యూటర్లకు, అసిస్టెంట్ ప్రొఫెసర్లకు మాత్రం వ్యాసరచనలో శిక్షణ గానీ, తప్పులు చెప్పే పెద్దలు గానీ అన్ని కళాశాలల్లోనూ దొరకరు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాకు చెందిన నర్సింగ్ ఎడిటర్లు 75 మంది ప్రచురణకర్తలు నడుపుతున్న 140 ప్రెడేటరీ నర్సింగ్ జర్నళ్లను గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం అప్పటికి ఏడాది, రెండేళ్ల వయసున్నవే.

ఈ వ్యవహారం తెలుగువారికి దూరంగా ఎక్కడో జరుగుతున్నది కూడా కాదు. ఈ తరహా ప్రచురణ మీద ప్రపంచంలో అన్నింటికన్నా ఎక్కువగా చర్చకు వచ్చిన కోర్టు కేసు హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్ మీద పడింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో దావా వేసింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు ఆ సంస్థా, దాని అనుబంధ సంస్థలూ 5.01 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది, 2020లో అప్పీలు కోర్టు కూడా దానిని సమర్థించింది. కమిషన్ చేసిన ఆరోపణలను ఒకసారి చదివితే, ఒక ఆహ్వానంలో ఏమేమి సరిచూడాలో దాదాపు పూర్తి పాఠం అక్కడే దొరుకుతుంది. జరగని పరిశీలనను జరిగినట్టు చెప్పడం, ఒప్పుకోని వారి పేర్లను ఎడిటర్లుగా చూపడం, జర్నల్ వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉల్లేఖిస్తున్నారో చూపే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను తామే లెక్కకట్టుకుని ప్రకటించడం, అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం నడిపే వ్యాస సూచికలైన పబ్‌మెడ్‌లోనూ మెడ్‌లైన్‌లోనూ ఉన్నామని అబద్ధం చెప్పడం, వ్యాసం ఆమోదించే దాకా రుసుము సంగతి దాచడం, రచయిత వెనక్కి తీసుకుంటానంటే ఒప్పుకోకపోవడం, పేరున్న పరిశోధకులు వస్తున్నారంటూ వారికి తెలియకుండానే సదస్సులకు ప్రచారం చేసుకోవడం అన్నవి ఆ ఆరోపణలు.

మెయిల్‌ను చదవడం

మొదట పలకరింపు చూడండి. "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే", "డియర్ ఎమినెంట్ రీసెర్చర్" అని మొదలై, మరుసటి వాక్యంలో మీ వ్యాసం శీర్షిక మొత్తం, చుట్టూ ఉన్న అక్షరాలకన్నా భిన్నమైన సైజులోనో రంగులోనో అతికించి ఉంటే, దానిని మనిషి కాక యంత్రం నింపిందని అర్థం. మన పేర్ల విషయంలో ఈ యంత్రం మరింత సులభంగా దొరికిపోతుంది. వ్యాసంలో "సునీత కె" అని అచ్చయిన రచయిత్రికి "డియర్ డాక్టర్ కె" అని ఉత్తరం వస్తుంది, ఇంటిపేరు పూర్తిగా రాసుకున్నవారికి ఇంటిపేరుతోనే సంబోధన వస్తుంది, పీహెచ్‌డీకి ఇంకా పేరు కూడా నమోదు చేసుకోని వారు ఆ ఒక్క పూటకు డాక్టరైపోతారు.

తరువాత, మీ వ్యాసం గురించి వారు ఏమన్నారో చూడండి. "నెల్లూరులోని ఎంపిక చేసిన ఆస్పత్రులలో స్టాఫ్ నర్సుల పరిజ్ఞానంపై నిర్మాణాత్మక బోధనా కార్యక్రమపు ప్రభావం" వంటి శీర్షిక ఉన్న వ్యాసాన్ని నిజంగా చదివిన ఎడిటర్ అయితే నమూనా పరిమాణం గురించో, ప్రీ టెస్టుకూ పోస్ట్ టెస్టుకూ మధ్య ఉంచిన వ్యవధి గురించో ఒక్క మాటైనా అంటారు. "అద్భుతమైన కృషి", "శాస్త్రానికి మీ అమూల్య సేవ" వంటి మాటలు ఏ వ్యాసానికైనా సరిపోతాయి గనుక అవి ఏ వ్యాసాన్నీ చదివినట్టు చూపవు. మునగచెట్టు ఎక్కించే మాటలకు కరగని రచయిత అరుదు, అందుకే అవి అక్కడ ఉంటాయి. అదే మెయిల్ నర్సింగ్ వారిని కీళ్ల మార్పిడి గురించో వస్త్ర పరిశ్రమ గురించో రాయమని అడిగితే ఇక మరో పరీక్ష అక్కరలేదు.

మూడవది తొందర. సంచిక విడుదలకు ఒక్క వ్యాసం తక్కువైంది, రెండు పేజీల సంక్షిప్త వ్యాసమైనా, అభిప్రాయమైనా ఫర్వాలేదు, ఈ నెల 25 లోపు పంపితే చాలు అన్న ధోరణి ఈ మెయిళ్లలో ఎంతో తరచుగా కనిపిస్తుంది. వ్యాసం చేరిన వారంలోపే ఆమోదపత్రం ఇస్తామనీ, పదిరోజుల్లో ప్రచురించి సర్టిఫికెట్ కూడా పంపుతామనీ హామీ ఉంటే అది ఇంకా స్పష్టమైన గుర్తు, ఎందుకంటే ఇద్దరు పరిశీలకులను ఒప్పించి, వారి చేత వ్యాసం చదివించి, వ్యాఖ్యలు రాయించి, రచయిత చేత దిద్దించడానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. మన దేశంలో ఈ హామీలు మెయిల్ దాటి వాట్సాప్ బృందాలకూ చేరాయి. కొద్దిపాటి రుసుముకు మూడు రోజుల్లో ప్రచురణ అంటూ, ఆ పక్కనే వేరొకరు రాసిన వ్యాసంలో రెండో రచయిత స్థానం అమ్మకానికి ఉందంటూ సందేశాలు తిరుగుతున్నాయి. రెండోది నాసిరకం ప్రచురణ అన్న స్థాయిని దాటి నేరుగా మోసం కిందికి వస్తుంది గనుక, దాని జోలికి పోయినవారిని కాపాడగలిగే సలహా ఏదీ ఈ వ్యాసంలో లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆహ్వానం వచ్చినంత మాత్రాన అది మోసం కాదు. సదస్సులో మీరు సమర్పించిన పత్రం విన్న ఎడిటర్ ఒకరు వ్యాసం పంపమని అడగవచ్చు. మంచి జర్నళ్లు ప్రత్యేక సంచికల కోసం పెద్ద సంఖ్యలో ప్రకటనలు పంపవచ్చు. మెయిల్ భాషలో తప్పులున్నాయన్న ఒక్క కారణంతో కొట్టిపారేయడం కూడా సరికాదు, ఇప్పుడు యంత్రాలు తప్పుల్లేని ఇంగ్లీషు రాసి పెడుతున్నాయి గనుక తప్పులు లేకపోవడం కూడా ఏ హామీ ఇవ్వదు. కాబట్టి మెయిల్ అనుమానాన్ని పుట్టించడం వరకే పనికొస్తుంది, నిర్ణయం మాత్రం కింది పరిశీలన మీదే ఆధారపడాలి. ఆ పరిశీలన చేసేటప్పుడు మెయిల్‌లోని లింకును నొక్కకుండా, జర్నల్ పేరును విడిగా వెతికి వెళ్లడం మంచిది. పేరున్న జర్నల్ వెబ్‌సైట్‌కు నకలు తయారుచేసి, అదే పేరుతో, అదే ఐఎస్ఎస్ఎన్‌తో (పత్రిక గుర్తింపు సంఖ్యతో) వ్యాసాలు సేకరించే వారు ఉన్నారు. ఇలా అపహరించిన జర్నళ్ల జాబితాను, ఉపసంహరించిన పరిశోధనా వ్యాసాల మీద నిఘా ఉంచే రిట్రాక్షన్ వాచ్ వెబ్‌సైట్ 2022 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంచుతోంది.

చెప్పుకున్నదాన్ని మూలంలో చూడడం

జర్నల్ వెబ్‌సైట్ అడుగున వరుసగా కనిపించే ముద్రలలో ప్రతిదానికీ విలువ వేరువేరుగా కట్టాలి. ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికను గుర్తించే సంఖ్య మాత్రమే, దరఖాస్తు చేసుకున్న ఏ పత్రికకైనా దొరుకుతుంది. అందులో నాణ్యత గురించిన తీర్పు లేదు. ఒక్కో వ్యాసానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య డీఓఐ కూడా అంతే. గూగుల్ స్కాలర్ అనేది వెదికిపెట్టే యంత్రం, అది ఎవరినీ పరీక్షించి చేర్చుకోదు. ఇండెక్స్ కోపర్నికస్ విలువ, గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, ఎస్‌జేఐఎఫ్ వంటి సంఖ్యలను చూసి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని పొరబడకండి. ఆ పేరుతో పరిశోధనా లోకం గుర్తించే సంఖ్యను క్లారివేట్ సంస్థ ఏటా తన జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ప్రకటిస్తుంది. అంతకు ముందు రెండేళ్ల వ్యాసాలకు ఒక ఏడాదిలో వచ్చిన ఉల్లేఖనలను ఆ వ్యాసాల సంఖ్యతో భాగించి దానిని లెక్కిస్తారు. కనుక మొదటి సంపుటం ఇంకా పూర్తికాని జర్నల్ తనకు 6.8 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉందని చెప్పుకుంటే, అది లెక్క ప్రకారమే సాధ్యం కాదు.

జర్నళ్లను ఎంపిక చేసి చేర్చుకునే స్కోపస్ సూచికలో ఉన్నామని చెబితే, స్కోపస్ వారి సోర్స్ పేజీలో జర్నల్ పేరుతోనూ, ఐఎస్ఎస్ఎన్‌తోనూ రెండు విధాలా వెతకండి. చందా లేకుండానే ఆ పేజీ తెరుచుకుంటుంది. పేరు దొరకగానే ఆగిపోకుండా అక్కడ రాసిన సంవత్సరాలు చూడాలి, ఎందుకంటే నాణ్యత తగ్గిందని స్కోపస్ చేర్చుకోవడం ఆపేసిన జర్నళ్ల పేజీలు కూడా, ఫలానా ఏడాదితో నిలిపివేశామన్న గమనికతో, అలాగే ఉంటాయి. పాత వైభవాన్ని చూపి కొత్త రచయితలను పిలిచేవారు ఈ గమనికను ఎప్పుడూ చూపరు.

పబ్‌మెడ్ విషయంలో పొరపాటు మరింత సులభం. పబ్‌మెడ్‌లో ఒక వ్యాసం కనిపించడం, ఆ జర్నల్ మెడ్‌లైన్‌కు ఎంపిక కావడం ఒకటి కాదు. అమెరికా ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన అయితే, అది ఎక్కడ అచ్చయినా దాని ప్రతిని రచయిత పూర్తి వ్యాసాల భాండాగారమైన పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉంచుతారు, ఆ దారిలో అనుమానాస్పద జర్నళ్ల పేర్లు కూడా పబ్‌మెడ్ వెతుకులాటలో బయటపడతాయి. నిజం తేల్చుకోవడానికి అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో జర్నల్ పేరు తెరిచి, ప్రస్తుతం మెడ్‌లైన్‌లో చేరుస్తున్నారా లేదా అన్న వరుసను చదవాలి. ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే అలాంటి జర్నళ్ల పట్టిక అయిన డీఓఏజే డైరెక్టరీలోనూ, ప్రచురణ నీతి పాటిస్తున్నామని ప్రచురణ నీతి సంఘం కోప్ ముద్ర వేసుకుంటే కోప్ సభ్యుల జాబితాలోనూ చూడండి. ఇంటర్నేషనల్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ ఎడిటర్స్ పరిశీలించి తయారుచేసిన నర్సింగ్ జర్నళ్ల డైరెక్టరీ కూడా ఉచితమే. అయితే అందులో లేని మంచి భారతీయ జర్నళ్లు ఉండవచ్చు. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1910 నుంచి నడుపుతున్న నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా వంటి వృత్తి సంఘాల పత్రికలను వాటి సంఘం పేరును బట్టి నేరుగా నిర్ధారించుకోవచ్చు.

ఎడిటోరియల్ బోర్డులో ఇద్దరిని ఎంచుకుని, వారి కళాశాల వెబ్‌సైట్‌లో ఉన్న చిరునామాకు రెండు వాక్యాల ఉత్తరం రాయండి: మీరు ఈ జర్నల్ బోర్డులో ఉన్నారా, వారు మీకు వ్యాసాలు పంపుతుంటారా? ఆ పేరు అక్కడున్న సంగతే తమకు తెలియదని జవాబు రావడం కొత్త కాదు. సీనియర్లను ఇలా అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు కానీ, తమ పేరు దుర్వినియోగమవుతోందని తెలిసినందుకు ఎవరూ కోపగించుకోరు. ఈ కారణంగానే, బోర్డు సభ్యత్వం ఇస్తామంటూ మీకు వచ్చే ఆహ్వానాలకు కూడా సరేనని జవాబివ్వకండి, ఒకసారి ఎక్కిన పేరును తీయించుకోవడం చాలా ప్రయాస.

అన్నింటికన్నా ఎక్కువ చెప్పే పరీక్ష, అందరూ వదిలేసే పరీక్ష మరొకటి ఉంది: ఆ జర్నల్ ఇటీవలి సంచిక తెరిచి, మీకు బాగా తెలిసిన విషయం మీద ఉన్న రెండు మూడు వ్యాసాలు పూర్తిగా చదవడం. వ్యాసం చేరిన తేదీకీ ఆమోదించిన తేదీకీ మధ్య నాలుగు రోజులే ఉన్నాయా, ఎథిక్స్ కమిటీ అనుమతి ఎక్కడైనా చెప్పారా, పట్టికలో మొత్తం సరిపోతోందా చూడండి. ఒత్తిడి పుండ్ల మీద వ్యాసం ఉందనుకుందాం. బ్రేడెన్ స్కేల్‌లో మొత్తం 6 నుంచి 23 దాకా ఉంటుంది, స్కోరు తగ్గేకొద్దీ పుండు పడే ప్రమాదం పెరుగుతుంది. రచయిత దానిని తిరగేసి, ఎక్కువ స్కోరు వచ్చిన రోగులను అధిక ప్రమాదం కింద లెక్కవేసి, నిర్ధారణలు కూడా ఆ లెక్క మీదే కట్టి ఉంటే, వార్డులో పనిచేసిన ఏ నర్సైనా మొదటి చదువులోనే పట్టుకునే తప్పు అది. అలాంటిది అచ్చులో నిలబడిందంటే ఆ వ్యాసాన్ని అచ్చుకు ముందు తెలిసినవారెవరూ చదవలేదని అర్థం. నర్సింగ్‌లో ఈ సంగతికి ప్రత్యేకమైన బరువుంది. ప్రెడేటరీ జర్నళ్ల వ్యాసాలను మంచి నర్సింగ్ జర్నళ్లలోని రచయితలు కూడా ఉల్లేఖిస్తున్నారని పరిశోధకులు చూపారు. అక్కడి నుంచి అలాంటి తప్పు సమీక్షా వ్యాసాలలోకి, ఆపైన వార్డు ప్రోటోకాల్‌లోకి దిగడానికి పెద్ద దూరం లేదు.

రుసుము, జాబితాలు

రుసుము అడగడమే తప్పు అనుకోకూడదు, పేరున్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు కూడా ప్రచురణ రుసుము తీసుకుంటాయి. అది ఎంతో, ఏ దశలో కట్టాలో, ఎవరికి మినహాయింపు ఉందో వ్యాసం పంపకముందే వెబ్‌సైట్‌లో స్పష్టంగా ఉందా అన్నదే చూడవలసింది. బేరమాడితే తగ్గే రుసుము, వ్యక్తి పేరుతో ఉన్న ఖాతాకు లేదా ఫోన్ నంబరుకు పంపమనే రుసుము, పరిశీలన మొదలుకాకముందే కాపీరైటు పత్రం మీద సంతకం అడగడం అన్నవి ఎక్కడ కనిపించినా ఆగిపోవాలి.

"యూజీసీ ఆమోదించిన జర్నల్" అన్న మాట మన రాష్ట్రాల్లో చాలామందిని మోసపుచ్చింది. యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 2018 మే నెలలో 4,305 జర్నళ్లను తొలగించింది, ఆ తరువాత యూజీసీ కేర్ జాబితాను తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను కూడా నిలిపివేసి, జర్నళ్ల ఎంపికకు సూచనాత్మక ప్రమాణాలు ఇచ్చి బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది. అంటే ఈ రోజున ఒక జర్నల్ ఆ ముద్రను చూపి పిలుస్తోందంటే అది కాలం చెల్లిన ముద్ర. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ముందు జర్నల్ ప్రచురణ తప్పనిసరి అన్న నిబంధనను కూడా యూజీసీ 2022 నిబంధనల్లో తీసివేసింది. అయినా విశ్వవిద్యాలయాలు తమ షరతులు తాము పెట్టుకోవచ్చు గనుక, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమైనా, మీకు వర్తించే తాజా ఉత్తర్వును మీరే చదవండి. సీనియర్లు చెప్పిన పాత నిబంధనకు భయపడి తొందరపడినవారే ఈ మెయిళ్లకు ఎక్కువగా దొరుకుతారు.

ఇప్పటికే పంపేసి ఉంటే

వ్యాసం పంపి, కాపీరైటు పత్రం మీద ఇంకా సంతకం చేయకపోతే, డబ్బు కట్టకుండా వెంటనే ఈ-మెయిల్ ద్వారా ఉపసంహరించుకుంటున్నట్టు స్పష్టంగా రాయండి. తేదీ, వ్యాసం శీర్షిక, సంఖ్య అందులో ఉండాలి. ఫోన్‌లో మాట్లాడవద్దు, ప్రతి మాటా రాతలోనే ఉండనివ్వండి. ఉపసంహరణకు రుసుము కట్టాలనీ, లేకపోతే లీగల్ నోటీసు పంపుతామనీ, మీ ప్రిన్సిపాల్‌కు రాస్తామనీ బెదిరింపులు రావచ్చు. వారు రాయకముందే మీరే గైడ్‌కూ, ప్రిన్సిపాల్‌కూ, సహరచయితలకూ జరిగింది చెప్పి, మెయిళ్ల ప్రతులు చూపితే ఆ బెదిరింపుకు పదును పోతుంది. ఉపసంహరణ సంగతి తేలకముందే అదే వ్యాసాన్ని వేరే జర్నల్‌కు పంపకండి. వారు జవాబే ఇవ్వకపోతే, కొత్తగా పంపదలచిన జర్నల్ ఎడిటర్‌కు ముందే ఉత్తరం రాసి, ఉపసంహరణ మెయిళ్లు జతచేసి, సలహా అడగండి. దాచిపెట్టి పంపితే అది రెండుచోట్ల సమర్పించిన నేరంగా కనిపిస్తుంది, చెప్పి పంపితే ఎడిటర్లు అర్థం చేసుకునే అవకాశం ఉంది.

మీరు వద్దన్నా అచ్చువేసేస్తే, లేదా అచ్చయ్యాకే విషయం తెలిస్తే, దారులు తక్కువ. తొలగించమని రాతపూర్వకంగా అడగండి, కానీ తొలగిస్తారన్న భరోసా లేదు, తొలగించినా ప్రతులు ఎక్కడో మిగులుతాయి. అచ్చయిన వ్యాసాన్ని శీర్షిక మార్చి మళ్లీ పంపడం కుదరదు. ఆ పరిశోధనలో ఇంకా విశ్లేషించని దత్తాంశం ఉంటే, దానిమీద కొత్త ప్రశ్నతో కొత్త వ్యాసం రాసి, పాత ప్రచురణను అందులోనే ప్రస్తావించవచ్చు. బయోడేటాలో ఆ వ్యాసాన్ని చూపాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. చూపకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం ఉందని ఒప్పుకుని, అప్పట్లో పరిశీలించలేదని చెప్పడం, జర్నల్ గొప్పదని సమర్థించుకోవడంకన్నా తక్కువ నష్టం.

ఇక ఆ మెయిళ్లకు జవాబివ్వకండి, "ఇకపై పంపవద్దు" అని కూడా రాయకండి. ఏ జవాబైనా ఈ చిరునామా వాడుకలో ఉందని వారికి చెబుతుంది. స్పామ్‌గా గుర్తించి వదిలేయండి. ఒకటి రెండు మాత్రం విడిగా దాచి ఉంచితే, వచ్చే ఏడాది ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరం రీసెర్చ్ మెథడాలజీ తరగతిలో ప్రొజెక్టర్ మీద చూపించి, పలకరింపు నుంచి రుసుము దాకా ఒక్కో వరుసా విద్యార్థుల చేతనే సరిచూయించవచ్చు.